లీపు సంవత్సరంలో దూకేది ఎవరు?

ఫిబ్రవరికి 29వ రోజు వచ్చిన ఏడాదిని లీపు సంవత్సరం అంటారని చిన్న తరగతుల్లోనే నేర్చుకుంటాం. నాలుగుతో భాగిస్తే శేషం మిగలకూడదని, శతాబ్దపు సంవత్సరమైతే నాలుగు వందలతో భాగించి చూడాలని లెక్క కూడా బట్టీ పడతాం. ఆ 'లీపు' ఏమిటని మాత్రం అడగం. లెక్కల మాస్టారు దాన్ని ఇంగ్లీషు మాస్టారికి వదిలేస్తారు, ఆయన లెక్కల మాస్టారికి. ఇంగ్లీషులో లీప్ అంటే దూకడం. దూకినప్పుడు మధ్యలో ఏదో ఒకటి కాలికి తగలకుండా మిగిలిపోవాలి. కానీ ఈ ఏడాదిలో ఏదీ మిగిలిపోదు సరికదా, ఒక రోజు అదనంగా వచ్చి చేరుతుంది. చేర్చిన దానికి దూకుడు పేరు ఎందుకు పెట్టినట్టు?

జవాబు నెలల్లో లేదు, వారాల్లో ఉంది. 365 రోజులంటే 52 వారాల మీద ఒక రోజు. అందుకే ఏ తేదీ అయినా ఏటా ఒక వారం పేరు ముందుకు జరుగుతుంది. ఆగస్టు 15 చూడండి. 2022లో సోమవారం, 2023లో మంగళవారం. ఆ లెక్కన 2024లో బుధవారం రావాలి. వచ్చింది గురువారం. మధ్యలో ఫిబ్రవరి 29 పడడంతో స్వాతంత్ర్య దినోత్సవం బుధవారం మీదుగా దూకేసింది. మరుసటి ఏడాది మళ్లీ బుద్ధిగా శుక్రవారం. జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఈ దూకుడు ఒక ఏడాది ఆలస్యంగా తగులుతుంది. గణతంత్ర దినోత్సవం 2023లో గురువారం, 2024లో శుక్రవారం, 2025లో శనివారాన్ని దాటేసి ఆదివారం. అంటే దూకేది సంవత్సరం కాదు, అందులోని తేదీలు. పండుగలన్నీ తేదీల మీదా వారాల మీదా నడిచే క్రైస్తవ ఐరోపాలో ఇది ఏటా కంటికి కనబడే సంగతి. ఇంగ్లీషులో ఈ పేరు 14వ శతాబ్దం చివరి రచనల నుంచి కనిపిస్తుంది. ఉత్తరాన స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలోనూ 'హ్లౌప్-ఆర్' అనే మాట ఉంది. దాని అర్థమూ ఇదే.

అయితే ఇంగ్లీషు క్యాలెండర్‌లో మొదట దూకినది తేదీలు కావు, చంద్రుడు. ఈ ముచ్చట కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈస్టర్ పండుగ పౌర్ణమిని బట్టి వస్తుంది కాబట్టి చర్చి పండితులకు చంద్రుడి లెక్క వేయక తప్పేది కాదు. 19 సౌర సంవత్సరాలకు దాదాపు 235 చాంద్రమాసాలు సరిపోతాయన్నది గ్రీకుల కాలం నుంచీ తెలిసిన లెక్క. చర్చి పట్టికల్లో ఏటా ఒకే తేదీనాటికి చంద్రుడి వయసును 11 రోజుల చొప్పున పెంచుకుంటూ, 30 దాటగానే 30 తీసేస్తూ పోయేవారు. పందొమ్మిది పదకొండ్లు 209. ఆరు ముప్పైలు తీసేస్తే 29 మిగులుతుంది. చక్రం మళ్లీ మొదటికి రావాలంటే సరిగ్గా 30 రావాలి. ఒకటి తక్కువ పడింది. అందుకని చక్రం చివర ఒక నెలను 30 రోజులకు బదులు 29 రోజులకు కుదించి, చంద్రుడి వయసును ఒక రోజు ముందుకు నెట్టేవారు. దీనికి లాటిన్‌లో 'సాల్తుస్ లూనే', అంటే చంద్రుడి దూకు, అని పేరు. కాలగణనం మీద బీడ్ అనే సన్యాసి క్రీ.శ. 725లో రాసిన గ్రంథంలో దీని వివరం ఉంది. ఇంకో రెండున్నర శతాబ్దాల తర్వాత ఆల్‌ఫ్రిక్ అనే మరో సన్యాసి అదే విషయాన్ని లాటిన్ రానివాళ్ల కోసం పాత ఇంగ్లీషులో రాస్తూ దాన్ని 'మోనన్ హ్లీప్' అన్నాడు. ఆ హ్లీప్, నేటి లీప్ ఒకే వేరునుంచి పుట్టినవి.

ఇక్కడ మాట అచ్చంగా సరిపోయింది. ఒక రోజు నిజంగానే పోయింది, దాని మీదుగా చంద్రుడు నిజంగానే దూకాడు. దూకడానికీ వదిలేయడానికీ ఉన్న ఈ చుట్టరికం మనకు కొత్త కాదు. ప్రశ్నను దాటవేస్తాం, నియమాన్ని ఉల్లంఘిస్తాం. లంఘనమంటే దూకడం. భోజనాన్ని దూకేస్తే అది 'లంఖణం పరమౌషధం' సామెతలోని లంఖణం. చంద్రుడి లెక్కలో అలా వదిలేయడానికి అలవాటుపడిన మాట తర్వాత సూర్యుడి లెక్కలో చేర్చడానికి పేరైంది. చిక్కంతా అక్కడ వచ్చింది.

అసలు రోమన్లకు ఇందులో దూకుడు ఊసే లేదు. జూలియస్ సీజర్ సంస్కరణ క్రీ.పూ. 45 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు అదనపు రోజును ఫిబ్రవరి చివర తగిలించలేదు. మార్చి మొదటి తేదీకి ముందు ఆరవ రోజును, అంటే మన లెక్కలో ఫిబ్రవరి 24ను, రెండుసార్లు లెక్కపెట్టేవారు. 'రెండో ఆరవది' అన్న అర్థంలో పుట్టిన 'బిసెక్స్‌టుస్' నుంచే ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ ఏడాదిని 'బిసెక్స్‌తీల్' అంటారు. ఒకే రోజు రెండుసార్లు వస్తే కోర్టు వాయిదాలకు ఏ రోజును లెక్కించాలన్న పేచీ వస్తుంది. 13వ శతాబ్దపు ఇంగ్లండులో మూడవ హెన్రీ రాజు కాలంలో దాన్ని ఒక శాసనంతో తెంచారు. అదనపు రోజును, దాని ముందు రోజును కలిపి చట్టం దృష్టిలో ఒకే రోజుగా పరిగణించాలని. చట్టం ఆ రోజు మీదుగా దూకింది కాబట్టే ఈ పేరని చెప్పేవారూ ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. వారాల దూకుడు వివరణే ఎక్కువమంది నిఘంటుకర్తలకు నచ్చింది, నాకూ అదే సబబుగా తోస్తుంది.

తేదీలు అసలు సిసలుగా దూకిన సంవత్సరం వేరే ఉంది. బ్రిటన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారినప్పుడు 1752 సెప్టెంబర్ 2 బుధవారం తర్వాత సెప్టెంబర్ 14 గురువారం వచ్చింది. పదకొండు తేదీలు మాయం. వారం మాత్రం ఒక్క అడుగు కూడా తప్పలేదు. లీపు సంవత్సరంలో జరిగేదానికి ఇది నేరుగా తలకిందులు. ఆ పదకొండు రోజుల గంతుకు లీప్ అని ఎవరూ పేరు పెట్టలేదు.

జర్మన్లు ఈ ఏడాదిని 'షాల్ట్‌యార్' అంటారు, మధ్యలో చొప్పించిన ఏడాది అని. జరిగేదానికి అది సూటిగా అతుకుతుంది. డచ్చివాళ్ల 'స్క్రికెల్‌యార్' మరీ తమాషా. ఇవాళ ఆ భాషలో 'స్క్రికెన్' అంటే ఉలిక్కిపడడం. ఒకప్పుడు ఎగిరి దూకడం. దాని జర్మన్ చుట్టం 'ష్రెకెన్' ఇప్పుడు భయపెట్టడమే అయినా, మిడతను మాత్రం పాత అర్థంలోనే 'హాయ్‌ష్రెకె', అంటే ఎండుగడ్డి దూకుడుది, అంటారు. కాబట్టి డచ్చివాళ్ల ఏడాది భయపడ్డ ఏడాది కాదు, దూకిన ఏడాదే. మన పంచాంగకర్తలకు ఈ గొడవే లేదు. వచ్చి చేరితే అధికం, లోపిస్తే క్షయం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అధిక మాసాలు మూడేళ్లకోసారి అటూఇటూగా వస్తూనే ఉంటాయి కానీ క్షయ మాసం చాలా అరుదు. 1963-64లో ఒకటి, 1982-83లో ఒకటి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు లీప్ అనే పేరును దాచిపెట్టుకోవాల్సింది ఆ క్షయ మాసం లాంటిదాని కోసం.

ఒకసారి తప్పుదారి పట్టిన పేరుకు సంతానం కూడా కలుగుతుంది. భూభ్రమణం కొద్దికొద్దిగా మందగించడం వల్ల అణు గడియారాలకూ సూర్యుడికీ తేడా రాకుండా 1972 నుంచి అప్పుడప్పుడూ ఒక సెకను కలుపుతూ వచ్చారు. దాని పేరు లీప్ సెకను. ఇక్కడ వారాలు దూకవు, తేదీలు దూకవు, ఏదీ దూకదు. లీపు సంవత్సరంలో ఏదో కలుపుతారు, ఇక్కడా కలుపుతున్నాం అనే ఒక్క పోలికతో పేరు దిగుమతి అయింది. ఇప్పటివరకు అలా 27 సెకన్లు కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31న. మనకు మాత్రం అది 2017 జనవరి 1 ఉదయం, 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత, ఐదున్నర కావడానికి ముందు వచ్చింది. కంప్యూటర్ వ్యవస్థలకు ఇది పెద్ద తలనొప్పి కాబట్టి 2035 నాటికి ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది. కంప్యూటర్ల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే రోజు ఉంది. ప్రపంచంలో అలాంటి రోజు లేదు, ఎందుకంటే 1900 లీపు సంవత్సరం కాదు. అంతకుముందు పేరుమోసిన స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3లో ఉన్న ఈ పొరపాటును, దాని ఫైళ్లతో లెక్కలు కలవాలని మైక్రోసాఫ్ట్ కావాలనే ఉంచింది. ఇప్పటికీ ఉంది.

ఇక మాట సంగతి. పాత ఇంగ్లీషులో లీప్ రూపం 'హ్లేఆపన్'. మొదట్లో ఒక 'హ' ఉండేది. పాత ఇంగ్లీషు మాటల్లో 'ల', 'ర', 'న'ల ముందున్న హకారాలు నార్మన్ల రాక తర్వాత కాలంలో రాలిపోయాయి. హ్లాఫ్ కాస్తా లోఫ్ అయింది, హ్రింగ్ కాస్తా రింగ్ అయింది. ఆ వరుసలోనే ఇదీ లీప్ అయింది. దీనికి జర్మానిక్ కుటుంబం అంతటా తోబుట్టువులున్నాయి. ఆ కుటుంబం బయట, సంస్కృతంలో కానీ లాటిన్‌లో కానీ గ్రీకులో కానీ, ఇదిగో దీని చుట్టం అని నమ్మకంగా చూపగలిగింది ఒక్కటీ లేదు.

తోబుట్టువులను పలకరిస్తే ఆశ్చర్యం మొదలవుతుంది. జర్మన్ 'లౌఫెన్' అంటే పరుగెత్తడం. పసిబిడ్డ అడుగులు వేయడం నేర్చుకున్నా అదే మాట. నెదర్లాండ్స్‌లో 'లోపెన్' అంటే నడవడం. సరిహద్దు దాటి బెల్జియంలో డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్‌కు వెళ్తే అదే మాటకు పరుగెత్తడం. స్వీడిష్, డేనిష్, నార్వీజియన్‌లలో కూడా పరుగే. స్వీడన్‌లో 1922 నుంచి జరుగుతున్న తొంభై కిలోమీటర్ల మంచు స్కీల పందెం 'వాసాలొప్పెట్' పేరు చివర ఉన్నది ఈ పరుగే. దూకడం ప్రధాన అర్థంగా స్థిరపడ్డది ఇంగ్లీషులో. అక్కడ కూడా మొదట్లో అంత ఖరారుగా లేదు. పాత ఇంగ్లీషులో 'హ్లేఆపెరె' అంటే దూకేవాడు, వార్త మోసుకుపోయే పరుగరి, నాట్యం చేసేవాడు కూడా. అలాగని మూలార్థం పరుగేనని, ఇంగ్లీషే దారి తప్పిందని తేల్చేయడానికీ లేదు. ఈ కుటుంబంలో అన్నిటికంటే ముందుగా రాతకెక్కిన పెద్ద గ్రంథం నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిల్. అందులో క్రీస్తు పిలిచాడని తెలియగానే గుడ్డి బిచ్చగాడు చివాలున లేచి దూకే చోట ఈ మాటే ఉంది.

పరుగా, దూకుడా? తెలుగువాడికి ఈ సందేహం అంత పెద్ద చిక్కుగా అనిపించకూడదు, ఎందుకంటే మనకు 'ఉరుకు' ఉంది. తెలంగాణలో ఉరకడమంటే పరుగెత్తడమే. నిఘంటువు తెరిస్తే దూకు, పరుగెత్తు అని రెండర్థాలూ ఉంటాయి. పులి మీదికి ఉరికిందంటే దూకిందని, గుర్రం ఉరికిందంటే పరుగందుకుందని వినగానే తెలిసిపోతుంది. నేలను బలంగా తన్ని ముందుకు పోవడం ఒక్కటే క్రియ. అది ఒకసారి జరిగితే దూకుడు, వరుసగా జరిగితే పరుగు. హ్లేఆపన్ కూడా ఆనాటి ఉరుకే అనుకుంటే జర్మన్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు తలా ఒక ముక్క పట్టుకుపోయారని తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లీషు చదువుల్లో ఈ మాటకు 'దూకు' అని ఒక్క అర్థం రాసి ఊరుకునే మన పద్ధతి వల్ల దీని సగం జీవితం కనబడకుండా పోతోందని నా ఫిర్యాదు.

మనకు వాగులూ వరదలూ కూడా ఉరుకుతాయి. ఐస్‌లాండ్‌లో సరిగ్గా అదే జరిగింది. అక్కడ 'హ్లౌప్' అంటే పరుగూ, వరద ఉరవడీ కూడా. హిమానీనదానికి 'యోకుల్' అని పేరు. రెండూ కలిపితే 'యోకుల్‌హ్లౌప్', మంచు కింద పేరుకున్న నీరు ఒక్కసారిగా ఉరికి రావడం. ఐరోపాలోకెల్లా పెద్దవైన మంచు పొరల్లో ఒకటి అక్కడి వాత్నాయోకుల్. దాని కింద అగ్నిపర్వతాలున్నాయి. 1996 సెప్టెంబర్ చివర వాటిలో ఒకటి బద్దలై మంచును కరిగించడం మొదలుపెట్టింది. ఆ నీరంతా గ్రిమ్స్‌వోట్న్ అనే మంచుకింది సరస్సులోకి చేరింది. ఐదు వారాలపాటు ఏమీ కాలేదు. శాస్త్రవేత్తలు, విలేకరులు కాచుకు కూర్చున్నారు. నవంబర్ 5న సరస్సు తన మీది మంచును పైకెత్తి, హిమానీనదం అడుగునుంచి దారి చేసుకుని ఉరికింది. ఉధృతి పతాక స్థాయిలో సెకనుకు 45 వేల ఘనపు మీటర్లు దాటింది. మన భాషలో చెప్పాలంటే పదహారు లక్షల క్యూసెక్కుల పైమాట. ఇళ్లంత మంచుగడ్డలు ఇసుక మైదానం మీదుగా కొట్టుకొచ్చాయి. దేశం చుట్టూ తిరిగే ప్రధాన రహదారి మీది వంతెన ఒకటి పూర్తిగా పోయింది, మరొకటి కొంత భాగం దెబ్బతింది. ముందే తెలుసు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు. మెలితిరిగిన ఉక్కు దూలాలను ఆ దారి పక్కనే ఉంచారు, వెళ్లినవాళ్లు ఫోటోలు దిగుతుంటారు. ఇప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలు ఏ దేశంలోనైనా ఇలాంటి వరదకు ఆ ఐస్‌లాండ్ మాటే వాడతారు. ఇంగ్లీషు శాస్త్ర వ్యాసంలో ఆ మాట కనబడితే, పక్కనే ఉన్న లీప్‌కు అది తోబుట్టువని చదివేవాళ్లలో చాలామందికి తోచదు.

నార్స్ నావికులు ఇదే మాటను ఐర్లండులోనూ నాటారు. డబ్లిన్ పక్కన లిఫీ నది మీద 'లేక్స్‌లిప్' అనే ఊరుంది. లాక్స్ అంటే సాల్మన్ చేప, హ్లౌప్ అంటే దూకు. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే సాల్మన్లు అక్కడి జలపాతం మీదికి ఎగిరి దూకేవి. ఐరిష్‌లోనూ ఊరి పేరుకు అదే అర్థం. లాటిన్‌లో దాన్ని 'సాల్తుస్ సాల్మోనిస్' అన్నారు. అందులోని మొదటి మాట అరిగిపోయి ఆ ప్రాంతపు పాత రెవెన్యూ విభాగాలకు 'సాల్ట్' అనే పేరు మిగిలింది. ఉప్పుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆర్థర్ గిన్నిస్ 1755లో తొలి బీరు బట్టీ పెట్టింది, ఇంటెల్ ఐరోపాలో పెద్ద చిప్పుల కర్మాగారం కట్టింది ఈ ఊళ్లోనే. చేపలు దూకే జలపాతం మాత్రం 1940లలో కట్టిన జలవిద్యుత్ ఆనకట్ట నీటిలో మునిగిపోయింది.

ఇంగ్లీషులోకి ఇదే వేరు మళ్లీ మళ్లీ, వేర్వేరు గుమ్మాల గుండా వచ్చింది. ఫ్రాంకుల భాష నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది గాలప్, గుర్రపు దౌడు. 'బాగా' అనే మాటను ఆ భాషలో లీప్‌కు తోబుట్టువైన 'హ్లౌపన్'కు చేర్చితే పుట్టినదని పండితుల ఊహ. ఉత్తర ఫ్రాన్స్ ఉచ్చారణలో 'గ' బదులు 'వ' ఉండేది కాబట్టి అదే మాట అటునుంచి వాలప్ అయి వచ్చింది. అదీ మొదట దౌడే. తర్వాత నీళ్లు కుతకుత ఉడకడం, ఆ తర్వాత ఒకరిని చితకబాదడం అయింది. మాటలకూ వయసు మీద పడితే కోపం వస్తుందేమో. స్వీడిష్ నుంచి వచ్చినది మరీ చిత్రం. ఐరోపాలో 17వ శతాబ్దపు ముప్ఫై ఏళ్ల యుద్ధకాలంలో సైన్యాల్లో ఒక శిక్ష ఉండేది. రెండు వరుసల్లో కర్రలతో నిలబడ్డ సైనికుల మధ్య నుంచి నేరస్తుడు పరుగెత్తాలి, ఇరువైపులా దెబ్బలు పడతాయి. స్వీడిష్‌లో దాని పేరు 'గాట్‌లొప్', వీధి పరుగు. ఇంగ్లీషువాళ్ల చెవికి అది అప్పటికే తెలిసిన గాంట్లెట్ లాగా, అంటే ఇనుప చేతి తొడుగు లాగా వినిపించింది. ఇవాళ ఎవరైనా 'గాంట్లెట్' గుండా పరుగెత్తారని ఇంగ్లీషు పత్రికలు రాస్తే అందులో తొడుగు ఏమీ లేదు. ఉన్నది లీప్ గారి స్వీడిష్ తమ్ముడు.

అన్నిటికంటే మనకు దగ్గరగా వచ్చినది 'ఇంటర్‌లోపర్'. డచ్చి 'లాండ్‌లోపర్', అంటే దేశదిమ్మరి, తరహాలో ముందు 'ఇంటర్' చేర్చి 16వ శతాబ్దం చివర ఇంగ్లండులో ఈ మాట తయారు చేశారు. రాజు గుత్తాధికారం ఇచ్చిన కంపెనీల సరుకు దారుల్లోకి అనుమతి లేకుండా చొరబడి వ్యాపారం చేసేవాడని అర్థం. ఈస్టిండియా కంపెనీ పత్రాల్లో ఇది తిట్టు. అలాంటి చొరబాటుదారుల్లో పేరుమోసినవాడు థామస్ పిట్. 1670లలో ఒడిశా తీరంలోని బాలాసోర్‌లో దిగి, కంపెనీని లెక్కచేయకుండా సొంత బేరాలు నడిపాడు. కంపెనీ అతని మీద కేసులు పెట్టింది, జరిమానా వేయించింది. లొంగదీయలేక చివరికి తనలో కలుపుకుంది. 1698లో అతణ్ని మద్రాసు గవర్నరును చేసింది. తెలుగు నేతగాళ్ల గుడ్డలూ, గోల్కొండ రాళ్లూ ఓడలెక్కే కోట అది. అక్కడ పదవిలో ఉండగా జామ్‌చంద్ అనే వజ్రాల వ్యాపారి దగ్గర గోల్కొండ గనుల నుంచి వచ్చిన 410 క్యారెట్ల ముడి వజ్రాన్ని 48 వేల వరహాలకు కొన్నాడు. సానపట్టాక 140 క్యారెట్లకు తగ్గింది. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్ముడై 'రీజెంట్' అనే పేరుతో ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ సొమ్ముతో నిలదొక్కుకున్న కుటుంబంలో ఇద్దరు బ్రిటన్ ప్రధానులయ్యారు, ఒకరు మనవడు, ఒకరు మునిమనవడు. నిన్నటి చొరబాటుదారుడు ఇవాళ్టి గవర్నరు కావడం కంపెనీ చరిత్రలో వింత కాదు కానీ, అంత లాభసాటి ఉరుకు మరొకటి లేదు.

ప్రేమికులు ఇల్లు విడిచిపోవడాన్ని చెప్పే 'ఎలోప్' కూడా డచ్చి 'ఒంట్‌లోపెన్', పారిపోవడం, వంటి రూపానికి చెందిందని చాలామంది అంటారు, కొందరు ఒప్పుకోరు. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో అది మొదట పెళ్లికాని ప్రేమికుల మాట కాదు. భర్తను వదిలి పరపురుషుడితో వెళ్లిపోయిన భార్య గురించి. అలా వెళ్లిన స్త్రీకి భర్త ఆస్తిలో రావాల్సిన వాటా దక్కదని 1285 నాటి శాసనం. మనం లేచిపోవడం అంటాం, వాళ్లు ఉరికిపోవడం అన్నారు. ఇక తీతువు పిట్టను ఇంగ్లీషులో 'లాప్‌వింగ్' అంటారు. అందులో ఒడీ లేదు, రెక్కా లేదు. పాత రూపం 'హ్లేఆపెవింకె'. దూకుతూ ఊగుతూ ఎగిరేది అని. జనం తమకు తెలిసిన మాటలుగా దాన్ని విరిచేసుకున్నారు. ఇదంతా చూసి 'లోప్' కనబడిన ప్రతిచోటా చుట్టరికం కలుపుకోకూడదు. జింక జాతికి చెందిన ఆంటిలోప్ ఎంత దూకినా దాని పేరు గ్రీకు నుంచి వచ్చింది.

ఇంతకాలం దూకడానికి ఇంగ్లీషువాడికి పెద్ద దిక్కు లీపే. 16వ శతాబ్దం తొలి భాగంలో ఎక్కడి నుంచో జంప్ వచ్చింది. దాని పుట్టుక ఎవరికీ తెలియదు, కాళ్లు నేలకు తగిలిన చప్పుడు నుంచి పుట్టి ఉండవచ్చని ఒక ఊహ. అప్పటికి ఇంగ్లీషు వ్యవహారం చాలావరకు లీప్‌తోనే సాగుతోంది. 1486లో అచ్చయిన వేట పుస్తకంలో చిరుతల గుంపుకు పెట్టిన పేరు కూడా లీపే, లెపర్డ్‌కు ప్రాస కలుస్తుందన్న సరదా కూడా ఉండి ఉంటుంది. 1599 నాటికి షేక్స్‌పియర్ నాటకంలో ఒక రాజు 'లీప్‌ఫ్రాగ్', అంటే మన ఒంగుళ్లు దూకుళ్లు, ఆటతో పిల్లను గెలవగలిగితే తనకు భార్య త్వరగా దొరికేదని అంటాడు. 1611 బైబిల్ అనువాదంలో పుట్టుకతో కుంటివాడు నయమై గంతులేసే చోటా లీపే. తర్వాత తర్వాత జంప్ వీధుల్లోకి, ఆటస్థలాల్లోకి, క్యూల్లోకి వెళ్లి మామూలు పనంతా ఆక్రమించుకుంది. ఒలింపిక్స్‌లో ఎత్తుకు దూకినా, పొడవుకు దూకినా జంపే. లీప్‌కు చాకిరీ తగ్గి గౌరవం పెరిగింది.

ఇది మనకు తెలియని వ్యవహారం కాదు. పిల్లలు గెంతుతారు, కప్ప దూకుతుంది. హనుమంతుడు మాత్రం సముద్రాన్ని లంఘిస్తాడు. హనుమంతుడు సముద్రం గెంతాడని రాస్తే తప్పేమీ లేదు, కానీ రాయం. ఇంగ్లీషులో లీప్ ఇప్పుడున్నది ఆ లంఘనం అంతస్తులో. 1969 జూలైలో చంద్రుడి మీద కాలు మోపిన ఆర్మ్‌స్ట్రాంగ్ తన అడుగును చిన్నదిగా, మానవజాతి ముందంజను పెద్ద లీప్‌గా చెప్పాడు. అక్కడ జంప్ పెట్టి చదివితే వాక్యం కుప్పకూలుతుంది. నిజానికి ఆ అడుగుకు ముందు ఆయన చేసింది అక్షరాలా జంపే, నిచ్చెన చివరి మెట్టు నుంచి నౌక కాలి పళ్లెం మీదికి దూకాల్సి వచ్చింది.

ఆధునిక కాలపు పెద్ద 'లీప్'లు కొన్ని అసలు లీప్‌లు కానే కావన్నది నాకు ఇందులో నచ్చిన సంగతి. అవి అనువాదాలు. 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన పరమాణువు నమూనాలో ఎలక్ట్రాన్ ఒక కక్ష్య నుంచి మరో కక్ష్యకు, మధ్యలో ఎక్కడా ఆగకుండా మారుతుంది. జర్మన్‌లో ఈ మార్పును 'ష్ప్రుంగ్' అన్నారు. భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని ఇంగ్లీషులో ఎక్కువగా క్వాంటమ్ జంప్ అనే అంటారు. బయటి లోకం దాన్ని పట్టుకుని క్వాంటమ్ లీప్ చేసింది. ఎందుకంటే కంపెనీ వార్షిక నివేదికలో, మంత్రి ప్రసంగంలో జంప్ అంటే తేలిపోతుంది. ఎలక్ట్రాన్ చేసేది అతి చిన్న మార్పు, మీరు దాన్ని బ్రహ్మాండమైన మార్పుకు వాడుతున్నారని ఎత్తిపొడవడం చదువుకున్నవాళ్లకు సరదా. ఆ ఎత్తిపొడుపు సగమే న్యాయం. బోర్ చెప్పినదాంట్లో విశేషం పరిమాణం కాదు, మధ్య దశలు లేకపోవడం. మెట్లెక్కకుండా ఒక్కసారిగా మారిపోయిందన్న అర్థంలో వాడితే తప్పు పట్టడానికేమీ లేదు. అందులోనూ 2019లో యేల్ విశ్వవిద్యాలయ బృందం ఒక కృత్రిమ పరమాణువు మీద చేసిన ప్రయోగంలో, ఆ దూకుడు కన్నుమూసి తెరిచేలోగా జరిగేది కాదని, ఒకసారి మొదలయ్యాక సాఫీగానే సాగుతుందని, మధ్యలో పట్టుకుని వెనక్కి కూడా తిప్పవచ్చని చూపించింది. ఎత్తిపొడిచేవాళ్లు కూడా కాస్త ఆగి చూసుకోవాలి.

1958లో చైనాలో మావో మొదలుపెట్టిన 'దా యుఎజిన్' ఇంగ్లీషులో గ్రేట్ లీప్ ఫార్వర్డ్ అయింది. పదిహేనేళ్లలో ఉక్కులో బ్రిటన్‌ను దాటాలని పెరట్లలో కొలుములు పెట్టించిన ఆ ఉద్యమం కోట్లమందిని కరవుకు బలిచ్చింది. పేరులోని ఠీవి మాత్రం అనువాదంలోనూ చెక్కుచెదరలేదు.

మూడోది 'లీప్ ఆఫ్ ఫెయిత్'. తర్కం ఆగిపోయిన చోట నమ్మకంతో ముందుకు దూకడం. అందరూ డేనిష్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ పేరు చెబుతారు. ఆయన పుస్తకాల్లో సరిగ్గా ఈ పదబంధం లేదు. 1846లో ఆయన లోతుగా చర్చించినది 'స్ప్రింగ్' అనే డేనిష్ మాటను. మనం ఇంగ్లీషులో వసంతానికీ నీటిబుగ్గకూ వాడే స్ప్రింగ్‌కు అది తోబుట్టువు. చరిత్ర చెప్పే సత్యాలకూ తర్కం చెప్పే సత్యాలకూ మధ్య వెడల్పాటి కందకం ఉందని, ఎంత ప్రయత్నించినా దాన్ని దూకలేకపోయానని అంతకు ముందు శతాబ్దంలో జర్మన్ రచయిత లెస్సింగ్ అన్న మాటతో ఆయన వాదం పెట్టుకున్నాడు. తన భాషలో లీప్‌కు సొంత తోబుట్టువైన 'లోబె' ఉండనే ఉంది. కానీ దాన్ని వాడి ఉంటే డెన్మార్కు పాఠకుడికి నమ్మకంలోకి దూకడం కాదు, పరుగెత్తడం అని అర్థమయ్యేది.